మందులకు లొంగని మూర్ఛ – శస్త్రచికిత్స ఎవరికి? ఎప్పుడు?

మూర్ఛవ్యాధికి ఆయుర్వేదంలో అపస్మారమని పేరు. 'స్మారం' అనగా స్మృతి. 'అప' అనగా తొలగిపోవుట. కొద్దిసేపు స్మృతి తప్పి మళ్ళీ తేరుకొనే వ్యాధి కనుక ఆ పేరు వచ్చింది. చరకసంహితలో నిదానస్థానంలోనూ, చికిత్సాస్థానంలోనూ ఈ వ్యాధికి ప్రత్యేకంగా అధ్యాయాలున్నాయి. వాతం వలన, పిత్తం వలన, కఫం వలన, మూడూ కలిసి ప్రకోపించుట వలన – ఇలా నాలుగు విధాలని చెప్పి, చివరిదైన సాన్నిపాతికం అసాధ్యమని చరకుడు నిర్మొహమాటంగా పేర్కొన్నాడు. బ్రాహ్మీఘృతం, పంచగవ్యఘృతం గుణాలను విస్తారంగా చెప్పుకునే మనం, అదే అధ్యాయంలోని ఈ మాటను మాత్రం సాధారణంగా దాటవేస్తాము.

ఈ ప్రస్తావనకు కారణం హన్మకొండ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం. ఆమె కుమారునికి పదకొండేళ్ళు. మూడవ ఏట మొదలైన ఫిట్స్ ఇంతవరకు తగ్గలేదు. ఎడమ చేయి బిగుసుకొని, ముఖం ఒక పక్కకు తిరిగి, ఆపైన స్పృహ తప్పుతుంది. మూడు రకాల ఇంగ్లీషు మందులు మార్చారు. రెండేళ్ళు బ్రాహ్మీఘృతం ఇచ్చారు. మొక్కులు తీర్చారు. ఇటీవల హైదరాబాదులో స్కానింగు తీయిస్తే మెదడు నిర్మాణంలో పుట్టుకతోనే లోపమున్నదని, శస్త్రచికిత్స గురించి ఆలోచించమని చెప్పారట. "పసివాడి తల తెరిపిస్తారా?" అని అత్తగారు అన్నం మానేశారు. గర్భిణిగా ఉన్నప్పుడు గ్రహణం నాడు తాను బయటికి వెళ్ళడమే ఈ లోపానికి కారణమా అని ఆ తల్లి అడుగుతున్నది. ఘృతం ఇంకొంతకాలం వాడితే ఆపరేషను తప్పుతుందా అనీ అడుగుతున్నది. పిల్లవాడు సైకిలు కావాలంటున్నాడట. కొనివ్వవచ్చునా అన్నది ఆమె చివరి ప్రశ్న.

లోపం ఎలా ఏర్పడుతుంది?

మొదట గ్రహణం సంగతి. గ్రహణానికీ దీనికీ ఎట్టి సంబంధమూ లేదు. ఆ తల్లి ఎనిమిదేళ్ళుగా మోస్తున్న ఈ బరువును ఈరోజే దించుకోవచ్చు.

గర్భస్థ శిశువు మెదడులో నాడీకణాలు తమ స్థానంలోనే పుట్టవు. మెదడు లోపలి భాగంలో, ద్రవంతో నిండిన గదుల గోడల దగ్గర పుట్టి, అక్కడి నుంచి పైపొరకు ప్రయాణం చేస్తాయి. గర్భం రెండవ నెల దాటిన తరువాత మొదలయ్యే ఈ వలస ఆరవ నెల ప్రాంతానికి చాలావరకు ముగుస్తుంది. పైకి చేరిన కణాలు తాపీమేస్త్రి ఇటుకలు పేర్చినట్లు ఆరు వరుసలుగా అమరుతాయి. ఎక్కడో ఒకచోట ఈ వరుస తప్పవచ్చు. కణాలు కలగాపులగంగా పడి ఉండవచ్చు, వికృతంగా పెద్దవిగా పెరగవచ్చు, లేదా ప్రయాణం మధ్యలోనే ఆగిపోవచ్చు. అటువంటి చోట విద్యుత్ప్రసారం అదుపు తప్పి, ఆ అలజడి చుట్టుపక్కలకు పాకినప్పుడు మూర్ఛ వస్తుంది.

ఈ లోపాలలో శస్త్రచికిత్సకు ఎక్కువగా వచ్చేది 'ఫోకల్ కార్టికల్ డిస్‌ప్లేసియా' అనేది. మెదడు పైపొరలో ఒక ప్రాంతానికి పరిమితమైన నిర్మాణలోపమని దీని అర్థం. 1971లో లండనులో డేవిడ్ టేలర్, ఆయన సహచరులు, మూర్ఛ కోసం శస్త్రచికిత్స చేసి తొలగించిన పదిమంది రోగుల మెదడు ముక్కలను సూక్ష్మదర్శినితో పరీక్షించి దీనిని తొలిసారిగా వర్ణించారు. పైకి చూస్తే ఆ ముక్కలు చాలావరకు మామూలుగానే ఉన్నాయి. తేడా కణాలలో కనిపించింది. కణాల పెరుగుదలను అదుపు చేసే జన్యువులలో, పిండం ఎదిగే దశలో ఏదో ఒక కణంలో దొర్లిన పొరపాటు ఆ కణం సంతతికంతా సంక్రమించడం దీనికి ఒక ముఖ్యకారణమని గత దశాబ్దంలో తెలిసింది. చాలా సందర్భాలలో ఈ పొరపాటు తల్లి రక్తంలోనూ ఉండదు, తండ్రి రక్తంలోనూ ఉండదు. కనుక "మీ వంశంలో ఉన్నది", "మా వంశంలో లేదు" అనే వాదులాటలకు ఇక్కడ తావు లేదు.

ఇవికాక మెదడు ముడతలు మరీ చిన్నవిగా, ఎక్కువగా ఏర్పడటం, సగం మెదడు అసాధారణంగా పెరగడం, మెదడు అడుగుభాగాన చిన్న గడ్డ వంటిది ఏర్పడటం వంటివి కూడా ఉన్నాయి. ఈ చివరిదానిలో పిల్లలు కారణం లేకుండా నవ్వుతారు. ఆ నవ్వే ఫిట్స్ అని తల్లిదండ్రులకు ఏళ్ళ తరబడి తెలియదు.

అయితే మూర్ఛ ఉన్న ప్రతివారి మెదడులోనూ పుట్టుకతో వచ్చిన లోపం ఉంటుందనుకోరాదు. ప్రసవ సమయంలో ఊపిరి అందకపోవడం, పుట్టిన తొలి రోజులలో రక్తంలో చక్కెర పడిపోవడం, తలకు దెబ్బ, క్షయ గడ్డలు, నాడాపురుగు లార్వాలు మెదడుకు చేరడం – ఇవన్నీ మన దేశంలో తరచుగా కనిపించే కారణాలే. నాడాపురుగు పంది మాంసం తినేవారికే అనే అపోహ ఒకటున్నది. సరిగా కడగని ఆకుకూరల ద్వారా శాకాహారులకూ అది వస్తుంది.

మందులకు లొంగలేదని ఎప్పుడు చెప్పాలి?

మూర్ఛ రోగులలో ఎక్కువమందికి మందులు చాలు. గ్లాస్గో వైద్యులు 2000 సంవత్సరంలో ప్రచురించిన పరిశోధనలో, అంతకుముందు చికిత్స పొందని 470 మందిలో 47 శాతానికి మొదటి మందుతోనే ఫిట్స్ ఆగిపోయాయి. రెండవ లేదా మూడవ మందుతో తగ్గినవారు మరి 14 శాతం మాత్రమే. అంటే మొదటి రెండు మందులు విఫలమైన తరువాత మందు మార్చినకొద్దీ ఆశ సన్నగిల్లుతుంది. ఈ అనుభవాన్ని బట్టి అంతర్జాతీయ మూర్ఛవ్యాధి నిరోధక సంఘం 2010లో ఒక నిర్వచనం చేసింది. వ్యాధికి తగిన మందులు రెండింటిని సరైన మోతాదులో వాడినా ఫిట్స్ పూర్తిగా ఆగకపోతే ఆ మూర్ఛ మందులకు లొంగనిదని భావించాలి.

రెండు మందులు! పది మందులు కాదు, పదేళ్ళు కాదు. మన ఇళ్ళలో ఈ రెండు మందుల దశ దాటి ఎనిమిదేళ్ళు, పదేళ్ళు గడిచాక గాని శస్త్రచికిత్స అనే మాట వినపడదు. ఈలోగా చదువు వెనకబడుతుంది, జ్ఞాపకశక్తి మందగిస్తుంది. కాలినగాయాలు, పళ్ళు విరగడం, నీటిలో పడటం వంటి ప్రమాదాలు ఉండనే ఉన్నాయి. అదుపులేని మూర్ఛ ఉన్నవారిలో కొందరు నిద్రలోనే ఆకస్మికంగా మరణించే ప్రమాదం కూడా ఉన్నదని చెప్పక తప్పదు. ఆపరేషను ప్రమాదమని భయపడేవారు, ఆపరేషను చేయించకపోవడంలోని ప్రమాదాన్ని లెక్కలోనికి తీసుకోరు.

ఒక హెచ్చరిక. మందు మరచిపోవడం, ఖర్చు తగ్గుతుందని మోతాదు తగ్గించి వేయడం, రాత్రి నిద్ర చెడగొట్టుకోవడం వలన ఫిట్స్ వస్తుంటే అది మందుల వైఫల్యం కాదు. ఈ సంగతి ముందు ఇంట్లోనే తేల్చుకోవాలి.

ఘృతాల మాట

ఇక ఆ తల్లి రెండవ ప్రశ్న. వరుస తప్పి అమరిన నాడీకణాలను తిరిగి వరుసలో పెట్టగల మందు ఏ వైద్యంలోనూ లేదు. ఇంగ్లీషు మందులు కూడా ఆ లోపాన్ని సరిచేయవు. విద్యుత్ అలజడిని అణచిపెట్టి ఉంచుతాయి, అంతే. బ్రాహ్మీఘృతం వైద్యుని సలహాపై అనుపానంగా వాడుకోవచ్చు గాని, దానిని నమ్ముకొని మూర్ఛ మందులను ఆపివేయడం ప్రాణాపాయం. హఠాత్తుగా మందు మానితే ఫిట్స్ ఒకదానివెంట ఒకటిగా ఆగకుండా రావచ్చు.

మూలికల చూర్ణమని అమ్మే కొన్ని పొట్లాలలో ఫినోబార్బిటోన్ వంటి ఇంగ్లీషు మందు రహస్యంగా కలిసి ఉన్నట్లు పరీక్షలలో బయటపడిన సందర్భాలున్నాయి. పేరూ, పాళ్ళూ లేని పొట్లాన్ని వాడకండి. ఇప్పటికే వాడుతుంటే ఆ సంగతి న్యూరాలజిస్టుకు దాచకుండా చెప్పండి. వైద్యుడు కోప్పడతాడని దాచేవారే ఎక్కువ.

ఇంకొకటి మన వంటింటి సంగతే. జలుబు చేసిన పిల్లలకు కర్పూరం కలిపిన కొబ్బరినూనె రాయడం, నీలగిరి తైలంతో ఆవిరి పట్టడం మనకు అలవాటు. కర్పూరం, నీలగిరి తైలం రెండూ మూర్ఛను ప్రేరేపించగలవు. మూర్ఛ ఉన్న ఇంట్లో ఈ రెండింటినీ, అవి కలిసిన లేపనాలనూ దూరంగా ఉంచాలి.

నేతి ప్రసక్తి వచ్చింది కనుక ఒక మాట. పిండిపదార్థాలను బాగా తగ్గించి, కొవ్వును అధికంగా ఇచ్చే 'కీటోజెనిక్' ఆహారపద్ధతిని 1921లో అమెరికాలో మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ మూర్ఛకు సూచించాడు. మందులకు లొంగని కొందరు పిల్లలలో అది నేటికీ ఉపయోగపడుతున్నది. మన ఘృతయోగాలకు ఇదే నిదర్శనమని కొందరు సంబరపడతారు. చెంచాడు ఘృతానికీ, గ్రాముల లెక్కన కొలిచి, రక్తపరీక్షలతో నడిపే ఆ ఆహారానికీ పోలిక లేదు. ఇంట్లో సొంతంగా ప్రయత్నించవలసినది కాదు.

శస్త్రచికిత్స కొత్తదేమీ కాదు

1886లో లండనులో విక్టర్ హార్స్లీ, తలకు దెబ్బతగిలి మూర్ఛ వస్తున్న యువకునికి మెదడుపై ఏర్పడిన మచ్చను తొలగించాడు. స్కానింగులు లేని ఆ రోజులలో ఫిట్స్ శరీరంలో ఎక్కడ మొదలవుతున్నదో గమనించి, దానిని బట్టి మెదడులో చోటును ఊహించేవారు. మన దేశంలో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ జేకబ్ చాందీ 1952లో తొలి మూర్ఛ శస్త్రచికిత్స చేశారు. ఆయన కెనడాలో వైల్డర్ పెన్‌ఫీల్డ్ వద్ద శిక్షణ పొందినవారు. 1995లో తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో మూర్ఛకు సమగ్ర చికిత్సాకేంద్రం ఆరంభమైన తరువాత ఇటువంటి ఆపరేషన్లు దేశంలో విరివిగా సాగుతున్నాయి.

మనకు దగ్గరలో హైదరాబాదు నిమ్స్ ఉన్నది. సికింద్రాబాదు కిమ్స్‌లో డాక్టర్ సీతా జయలక్ష్మి, డాక్టర్ మానస్ పాణిగ్రాహి ప్రభృతుల బృందం ఈ పుట్టుక లోపాల శస్త్రచికిత్సలోనే విశేషానుభవం గడించింది. ఈ లోపమున్న రోగులలో వివిధ స్కానింగుల ఉపయోగాన్నీ, శస్త్రచికిత్స ఫలితాలనూ వారు 2019లో అమెరికన్ జర్నల్ ఆఫ్ న్యూరోరేడియాలజీలో ప్రచురించారు. వరంగల్లు నుంచి ఇది నూటయాభై కిలోమీటర్ల లోపు ప్రయాణం. విదేశాలకు పోవలసిన పని లేదు.

ముందు పరీక్షలు

ఆపరేషను కన్నా దానికి ముందు జరిగే పరిశోధనే పెద్దది. తొలగించవలసిన చోటు కచ్చితంగా తెలియనిదే కత్తి పట్టరు.

మొదటిది ఎం.ఆర్.ఐ. మామూలు స్కానింగులో 'ఏమీ లేదు' అని వచ్చినంత మాత్రాన లోపం లేదనుకోరాదు. ఈ లోపాలు ఒక్కొక్కసారి మెదడు ముడత అడుగున చిక్కుడుగింజంత చోటులో దాగి ఉంటాయి. బూడిదరంగు పొరకూ, తెల్లని భాగానికీ మధ్య గీత ఒకచోట మసకబారడమే కనిపించే గుర్తు. అందుకే మూర్ఛ కోసమని ప్రత్యేకంగా, పలుచని పొరలుగా, వీలైతే మూడు టెస్లా యంత్రంపై తీయాలి. మూర్ఛ కేసులు చూసి అనుభవమున్న రేడియాలజిస్టు దానిని చదవాలి. పాత ఫిల్ములనే అనుభవజ్ఞుడు మళ్ళీ చదివినప్పుడు లోపం దొరకడమూ కద్దు.

రెండవది వీడియో ఇ.ఇ.జి. రోగిని కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉంచి, అవసరమైతే మందులు తగ్గించి, కెమెరా ముందు ఫిట్స్ వచ్చేదాకా వేచి ఉంటారు. ఫిట్స్ తగ్గించమని వెళ్ళినవారికి ఫిట్స్ కోసం ఎదురుచూడటం విచిత్రంగా ఉంటుంది. తల్లులకు ఇది చాలా కష్టమైన ఘట్టం. అయినా అది ఏ క్షణాన, ఏ మూల మొదలైనదో తెలిసేది ఈ పరీక్షలోనే. ఈ రెండూ ఒకే చోటును చూపితే పని సులువవుతుంది. చూపకపోతే పెట్ స్కాన్ వంటివి చేస్తారు. అప్పటికీ తేలనప్పుడు పుర్రెకు సన్నని రంధ్రాలు చేసి మెదడులోనికి తీగలు పంపి రికార్డు చేస్తారు.

మాట, చేయి కదలిక, జ్ఞాపకం – ఇవి ఉండే చోట్లకు లోపం ఎంత దూరంలో ఉన్నదో కూడా తేల్చాలి. మన ఉత్తరంలోని బాలునికి ఎడమ చేయి బిగుసుకుంటున్నది కనుక మెదడు కుడిభాగంలో, చేతిని కదిలించే చోటుకు సమీపంలో అలజడి ఉన్నదేమోనని అనుమానించాలి. ఎంతవరకు తీయవచ్చునన్నది అక్కడి వైద్యబృందం చెప్పవలసిన మాట. ఉత్తరం చదివి ఎవరూ చెప్పలేరు. లోపం మెదడు రెండు వైపులా వ్యాపించి ఉన్నవారికి ఈ శస్త్రచికిత్స సాధారణంగా పనికిరాదు.

ఫలితం, ప్రమాదం

ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు 116 మందిపై జరిపిన పరిశోధన 2017లో వెలువడింది. 57 మందికి శస్త్రచికిత్స చేశారు. 59 మందికి మందులు కొనసాగించారు. ఏడాది తిరిగేసరికి శస్త్రచికిత్స జరిగినవారిలో 77 శాతం, మందులపై ఉన్నవారిలో 7 శాతం ఫిట్స్ లేకుండా ఉన్నారు. అయితే అదే పరిశోధనలో శస్త్రచికిత్స పొందిన పిల్లలలో 33 శాతానికి తీవ్రమైన ఇబ్బందులు ఏర్పడ్డాయి. 15 మందికి ఒక పక్క కాలుచేతుల బలహీనత వచ్చింది. తొలగించిన మెదడు ప్రాంతమే దానికి కారణం. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకొని చూడాలి. ఒకదానిని మాత్రమే చెప్పేవారి మాట నమ్మకండి.

ఆ పిల్లలందరికీ ఒకే రకమైన ఆపరేషను జరగలేదన్నది కూడా గమనించాలి. సగం మెదడు దెబ్బతిన్న పిల్లలలో ఆ సగానికి మిగిలిన సగంతో సంబంధం తెంచివేస్తారు. వినడానికి ఘోరంగా తోస్తుంది. అటువంటి పిల్లలలో చాలామందికి అప్పటికే దానికి ఎదుటి పక్క చేయి సరిగా పనిచేయదు. చిన్న వయసులో చేస్తే మాట వంటి శక్తులను రెండవ సగం చాలావరకు అందిపుచ్చుకుంటుంది. త్వరగా చేయమనడానికి ఇది ఒక కారణం.

చిన్న చోటుకు పరిమితమైన డిస్‌ప్లేసియాలో, లోపమున్న భాగాన్ని పూర్తిగా తీయగలగడమే ఫలితాన్ని నిర్ణయించే ముఖ్య విషయం. కొంత మిగిలిపోతే ఫిట్స్ తిరిగి రావచ్చు. రెండవసారి ఆపరేషను అవసరం కావచ్చు. ఆపరేషను అయిన మరునాడే మందులు మానడం ఉండదు. మామూలుగా ఏడాది, రెండేళ్ళు ఫిట్స్ లేకుండా గడిచాక వైద్యుడు నెమ్మదిగా తగ్గిస్తాడు. కొందరికి ఒక మందు మిగిలిపోతుంది.

అత్తగారికి చెప్పవలసినది: మెదడుకు స్వతహాగా నొప్పి తెలియదు. పుర్రెలో తీసిన ఎముకను తిరిగి అదే చోట అమరుస్తారు. ఆమెను వీలైతే వైద్యుని దగ్గరకు వెంటబెట్టుకొని వెళ్ళండి. ఇంట్లో కూర్చొని వద్దనేవారు, ఫిల్మును కళ్ళారా చూసిన తరువాత ఒక్కొక్కసారి తామే ముందుకు వస్తారు.

బయలుదేరే ముందు

ఏ తేదీన, ఏ వేళ, ఎంతసేపు ఫిట్స్ వచ్చినదీ ఒక నోటు పుస్తకంలో రాయండి. ఒకటి రెండింటిని సెల్‌ఫోనులో చిత్రీకరించండి; మీరు పది నిమిషాలు వర్ణించే దానికన్నా అది ఎక్కువ చెబుతుంది. ఇంతవరకు వాడిన మందుల పేర్లు, మోతాదులు, మానిన కారణం రాసుకోండి. పాత ఎం.ఆర్.ఐ. ఫిల్ములు, సీడీలు తీసుకువెళ్ళండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవారు తమకు సూచించిన ఆపరేషను ఆ పథకంలో ఉన్నదో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందుగానే అడగాలి. లేనివారు పరీక్షల ఖర్చు, ఆపరేషను ఖర్చు విడివిడిగా రాయించుకోవాలి.

దారిలో గాని, ఇంట్లో గాని ఫిట్స్ వస్తే పిల్లవాడిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మెడ దగ్గర బట్ట వదులు చేయండి. నోట్లో చెంచా, వేలు, నీళ్ళు ఏవీ పెట్టరాదు. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ, చెప్పు వాసన చూపడం వలన ప్రయోజనం లేదు. ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాలలో దానంతట అదే ఆగుతుంది. ఆ సమయానికి చేతిలో ఉన్న తాళంచెవికి ఆ పేరు దక్కింది. అయిదు నిమిషాలు దాటితే మాత్రం ఆలస్యం చేయక దగ్గరి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఆడపిల్లల తల్లిదండ్రులు పెళ్ళి కుదరదేమోనని వ్యాధిని దాచి, ఆపరేషను మచ్చ కనబడుతుందని వెనుకాడుతుంటారు. మచ్చ జుట్టులో కలిసిపోతుంది. హిందూ వివాహ చట్టంలో పెళ్ళికి ఆటంకంగా ఉండిన మూర్ఛ అనే మాటను 1999లో తొలగించారు. దాచిపెట్టి చేసిన పెళ్ళిలో అమ్మాయి మందు చాటుగా వేసుకోలేక మానేస్తుంది. అటుతరువాత జరిగేది మీరే ఊహించవచ్చు.

ఇక సైకిలు సంగతి. మూర్ఛరోగిని నీటికి, నిప్పుకు, చెట్లకు, కొండలకు, మిట్టపల్లాలకు దూరంగా ఉంచి కాపాడాలని చరకుడే చెప్పాడు. ఆయన కాలంలో హన్మకొండ చౌరస్తా లేదు గాని, ఉంటే దానిని కూడా ఆ పట్టికలో చేర్చేవాడు. ఫిట్స్ ఆగి, వైద్యుడు సరేనన్న తరువాత గాని సైకిలు రోడ్డుపైకి పోరాదు. అంతవరకు ఇంటి ముంగిట, తలకు హెల్మెట్ పెట్టి, పెద్దవారు పక్కన నడుస్తుండగా తొక్కనివ్వవచ్చు. భద్రకాళి చెరువు గట్టుకు మాత్రం ఒంటరిగా పంపవద్దు.